బండి అరుస్తుంది, ముందుకు పోదు: తప్పు క్లచ్‌దా, ఇంజన్‌దా?



ఈ సారి రాస్తున్నది పురుగుల గురించి కాదు, పురుగులకు ఆకు మోసే బండి గురించి. పట్టు రైతుల గ్రూపులో మోటారు సైకిల్ సంగతి ఎందుకు అని కొందరు అడగొచ్చు. చింతామణి, శిడ్లఘట్ట పక్క గానీ, హోసూరు, డెంకణికోట పక్క గానీ, మన తెలుగోళ్ల ఇళ్లల్లో ఈ రోజు బండి లేకుండా పంట నడవడం లేదు. చాకీ పురుగులు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తెచ్చేది దాని మీదే. తోట నుంచి ఆకు మోపు వచ్చేది, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వచ్చేది, చివరికి గూళ్లు మార్కెట్‌కు పోయేది కూడా దాని మీదే. అందులోనూ చాలామంది దగ్గర ఉండేవి పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు దాటిన బళ్లే. ఒక పంటలో పురుగు తినే ఆకులో నూటికి 80 వంతుల పైన అయిదో దశలోనే తింటుంది. బండి మొండికేసేది కూడా సరిగ్గా ఆ వారంలోనే, ఎందుకంటే మనం దాని మీద ఎక్కువ బరువు వేసేది అప్పుడే.

మాకు జరిగింది

మాది 2006లో మా నాయన కొన్న స్ప్లెండర్ ప్లస్. పోయిన ఎండాకాలం పంటలో పురుగులు నాలుగో జ్వరం లేచి పెద్ద మేతకు వచ్చినప్పుడు, గేరు మార్చేటప్పుడు కటకటమని శబ్దం మొదలైంది. క్లచ్ పట్టినా పూర్తిగా వదలడం లేదు అనుకొని, మేమే స్పానర్ తీసుకొని క్లచ్ వైరు బాగా బిగించినాము. గేరు మెత్తగా పడింది. పని అయిపోయింది అనుకున్నాము.

నాలుగు రోజులకు ఆకు మోపు వేసుకొని చెరువు కట్ట ఎక్కుతా ఉంటే ఇంజన్ శబ్దం పెరుగుతోంది, బండి మాత్రం ముక్కుతా మూలుగుతా పోతోంది. "పాత బండి కదా, బలం తగ్గింది" అనుకొని ఇంకా రేజ్ ఇచ్చినాము. పురుగులు నిండా మేత మీద ఉన్నాయి, మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? అట్లానే పది రోజులు నడిపినాము.

గూళ్లు విడిపించినాక, తెల్లవారుజామున నాలుగు గంటలకు రెండు సంచులు కట్టుకొని శిడ్లఘట్ట మార్కెట్‌కు బయలుదేరినాము. అదే కట్ట మీద బండి నిలిచిపోయింది. మొదటి గేరులో కూడా ఇంజన్ గుయ్యిమంటుంది, చక్రం తిరగదు. ఏదో కాలిన వాసన. చీకట్లో సంచులు దించి ఆటో కోసం చూస్తా కూర్చున్నాము. ఆటో దొరికేసరికి పొద్దు ఎక్కింది. సంచిలోకి చెయ్యి పెడితే లోపల వెచ్చగా, చెమ్మగా ఉంది. గూటి లోపలి పురుగు ప్రాణంతోనే ఉంటుంది, ఊపిరి తీస్తుంది, వేడి వదులుతుంది. గాలి ఆడకుండా కట్టిన సంచి ఎక్కువసేపు నిలబెడితే గూడు మెత్తబడుతుంది. మేము చేరేసరికి మొదటి వేలం అయిపోయింది. వచ్చిన రీలర్లు గూడు పిసికి చూసి మొహం తిప్పుకున్నారు. నెల రోజులు రాత్రింబవళ్లు మేపిన పంటకు ఆ రెండు గంటలు దెబ్బ కొట్టినాయి.

తర్వాత బండిని తోసుకొని పోతే మొదట చూసిన మెకానిక్ "బోర్ పోయింది, ఇంజన్ దించాల" అన్నాడు. ఖర్చు వేలల్లో చెప్పినాడు. మేము తల ఊపినాము కూడా. మా చిన్నాన్న కొడుకు మాత్రం "ఆగన్నా, ఇంకొకరికి చూపిద్దాం" అని వేరే షెడ్‌కు తీసుకుపోయినాడు. అక్కడి పెద్దాయన ఇంజన్ ముట్టుకోలేదు. క్లచ్ లివర్‌ను ఒక వేలితో కదిలించి చూసి, "దీనికి ప్లే అనేదే లేదే, ఎవరు బిగించినారప్పా?" అని అడిగినాడు. మాకు నోట మాట రాలేదు.

బోర్ బాగానే ఉంది. పోయింది క్లచ్ ప్లేట్లు. అవి కూడా వాటంతట అవి పోలేదు, మేము బిగించిన వైరు వల్ల పది రోజులు అరిగి, కాలి పోయినాయి. మొదటి రోజే వైరు కొంచెం వదులు చేసి ఉంటే పైసా ఖర్చు లేకుండా సరిపోయేది.

అందుకే ఇది రాస్తున్నాము. "బండికి బలం తగ్గింది" అని మనం ఒకే మాట అంటాము గానీ, అందులో మూడు వేరు వేరు జబ్బులు ఉంటాయి. ఏది అనేది తెలుసుకోకుండా ఇంజన్ విప్పించకూడదు.

మూడు జబ్బులు, మూడు గుర్తులు

ఒకటి: రేజ్ ఇస్తే ఇంజన్ శబ్దం బాగా పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. ఇంజన్‌లో బలం ఉంది, అది చక్రానికి చేరడం లేదు. ఇది క్లచ్ జారుడు.

రెండు: రేజ్ ఇచ్చినా ఇంజన్ శబ్దమే పెరగదు, గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది, లేదా ఎగిరి ఎగిరి పడుతుంది. ఇది ఇంజన్ లోపం. పెట్రోలు, గాలి, నిప్పు, కంప్రెషన్, ఈ నాలుగింటిలో ఏదో తక్కువైంది.

మూడు: ఇంజన్ బాగానే ఉంది, క్లచ్ పట్టుకుంటోంది, అయినా బండి బరువుగా పోతుంది, రేజ్ వదలగానే ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోతుంది. బ్రేకు పట్టుకోవడమో, చైను బిగుతో, టైర్లో గాలి తక్కువో.

ఈ మూడూ విడదీయడానికి ఒక చిన్న పరీక్ష చాలు. వాహనాలు లేని చదునైన రోడ్డు మీద, బరువు లేకుండా, టాప్ గేరులో 30–40 కిలోమీటర్ల వేగంతో పోతా ఒక్కసారిగా రేజ్ తిప్పండి. శబ్దం ముందు లేచి, వేగం తర్వాత మెల్లగా వస్తే, లేదా రాకపోతే క్లచ్ జారుతోంది. శబ్దం, వేగం రెండూ కలిసి పెరిగితే క్లచ్ బాగుంది. రెండూ పెరగకపోతే ఇంజన్ వైపు చూడాలి.

జారుడు మొదట కనబడేది ఎప్పుడూ టాప్ గేరులో, బరువు మీద, ఎక్కుడు మీదనే. మొదటి గేరులో కూడా జారుతోంది అంటే జబ్బు ముదిరింది అని అర్థం. మా బండి కట్ట మీద ఆగింది ఆ స్థితిలోనే.

కిక్ కొట్టేటప్పుడు కూడా ఒక గుర్తు దొరుకుతుంది. ఈ బళ్లలో కిక్ బలం కూడా క్లచ్ మీదుగానే ఇంజన్‌కు పోతుంది. కాబట్టి కిక్ ఉత్తినే దిగిపోతా ఉంటే క్లచ్ జారుతూ ఉండొచ్చు, కంప్రెషన్ లేకపోయి ఉండొచ్చు. ఈ ఒక్క గుర్తును చూసి "బోర్ పోయింది" అని తేల్చేయకూడదు.

క్లచ్ లోపల ఏముంది

హీరో హోండా సి.డి. 100 మన దేశంలోకి 1985లో వచ్చింది, స్ప్లెండర్ 1994లో వచ్చింది. మన ఊళ్లల్లో తిరిగే పాత 100 సి.సి. బళ్లు చాలావరకు ఇదే పద్ధతివి. కుడి పక్క, కిక్ రాడ్ ఉండే మూత లోపల క్లచ్ ఉంటుంది. ఒక గిన్నెలాంటి దాంట్లో ఫైబర్ ముఖం ఉన్న ప్లేటు, స్టీల్ ప్లేటు, మళ్లీ ఫైబర్, మళ్లీ స్టీల్, ఇట్లా వరసగా పేర్చి ఉంటాయి. స్ప్రింగులు వాటన్నింటినీ కలిపి నొక్కి పట్టుకుంటాయి. నొక్కి ఉన్నంతసేపు ఇంజన్ తిప్పుడు గేరుబాక్సుకు పోతుంది. మనం లివర్ పట్టినప్పుడు స్ప్రింగుల నొక్కుడు తగ్గి ప్లేట్లు విడిపోతాయి, గేరు మారుతుంది.

ఇది అర్థమైతే మిగతాదంతా సులభం. లివర్ వదిలేసినా వైరు కొంచెం లాగే ఉంటే, మనం ఎప్పుడూ సగం క్లచ్ పట్టుకొని నడిపినట్టే. స్ప్రింగులు పూర్తిగా నొక్కలేవు. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి, వేడెక్కుతాయి, ఫైబర్ కాలిపోతుంది. ఇంకొక సంగతి, ప్లేట్లు అరిగేకొద్దీ లివర్ దగ్గరి ప్లే దానంతట అదే తగ్గుతా వస్తుంది. అంటే పాత బండిలో వైరు ముట్టుకోకపోయినా అప్పుడప్పుడు ప్లే చూస్తా ఉండాలి.

మొదటి పని: వైరు

ఇంజన్ ఆపి, లివర్ కొసను ఒక వేలితో మెల్లగా లాగండి. గట్టిగా తగలకముందు కొస 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉత్తినే కదలాలి. సుమారు ఒక వేలి మందం అనుకోండి. అదే ప్లే. అసలు లేకపోతే జారుడుకు కారణం చాలావరకు అక్కడే దొరికింది. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా వదలదు, గేరు కటకటమంటుంది.

సర్దేది రెండు చోట్ల. లివర్ దగ్గర చేత్తో తిప్పే చిన్న నట్టు, ఇంజన్ దగ్గర వైరు కొసలో స్పానర్‌తో తిప్పే నట్టు. చిన్న తేడా అయితే పైన, పెద్ద తేడా అయితే కింద సర్దాలి. సర్దినాక హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి మళ్లీ ప్లే చూడండి. నేరుగా ఉన్నప్పుడు ప్లే ఉండి, తిప్పితే పోతోంది అంటే వైరు ఎక్కడో ఇరుక్కుంటోంది, దారి మార్చి కట్టాలి.

లివర్ వదిలితే వెంటనే ఎగిరి వెనక్కి రావాలి. మెల్లగా జరిగి వస్తే వైరు లోపల తుప్పు. మన బళ్లకు ఇది ఎక్కువ, కారణం మన పనిలోనే ఉంది. బ్లీచింగ్ పౌడర్ సంచి హ్యాండిల్‌కు తగిలించి తెస్తాము, షెడ్ కడిగే రోజు బండి పక్కనే నిలబెడతాము. ఆ పొడికి, ఆవిరికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పౌడర్‌ను మూత ఉన్న డబ్బాలో వెనక కట్టుకొని తేవాలి, క్రిమిసంహారం చేసే రోజు బండిని దూరంగా పెట్టాలి. తుప్పు పట్టిన వైరుకు, పోగులు తెగిన వైరుకు నూనె పోసి కాలం గడపడం కన్నా కొత్తది వేయడం మేలు. దాని ధర వందల్లోనే.

గేరు కటకటమన్నప్పుడల్లా వైరు బిగించడం మేము చేసిన తప్పు. ఆ శబ్దానికి పాడైన ఆయిల్, తుప్పు పట్టిన వైరు, మరీ వదులైన చైను కూడా కారణం కావచ్చు. బిగించేముందు ప్లే కొలిచి చూసి ఉంటే ఆ పంట అట్లా అయ్యేది కాదు.

రెండో పని: ఆయిల్

ఈ బళ్లలో ఇంజన్ ఆయిల్‌లోనే క్లచ్ ప్లేట్లు మునిగి తిరుగుతాయి. ఒకే ఆయిల్ ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్‌కు. అందుకని ఏ ఆయిల్ పోస్తున్నాము అనేది క్లచ్‌కు చాలా ముఖ్యం.

డబ్బా మీద 4టి అనీ, జాసో ఎం.ఎ. అనీ ఉండాలి. ఆయిల్‌లో మునిగిన క్లచ్ జారకుండా పట్టుకునే రకానికి అది గుర్తు. కారు ఆయిళ్లలో కొన్ని రాపిడి బాగా తగ్గించే మందు కలిపి ఉంటాయి. కారు ఇంజన్‌కు అది మంచిది, మన ప్లేట్లకు మాత్రం జారుడు. ట్రాక్టర్‌కు తెచ్చింది అర లీటరు మిగిలింది కదా అని బండికి పోయకండి. మైలేజీ పెరుగుతుందని అంగడిలో అమ్మే చిన్న సీసాల మందులు కూడా వద్దు.

డిప్‌స్టిక్ చూసే పద్ధతి: బండిని చదునైన చోట డబుల్ స్టాండ్ మీద నిలబెట్టి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. నల్లగా, నీళ్లలాగా పలచగా ఉండి కాలిన వాసన వస్తే మార్చాలి. ఆ కాలిన వాసన క్లచ్ ప్లేట్ల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

ఆకు మోసే బండి పని, ఆఫీసుకు పోయి వచ్చే బండి పని ఒకటి కాదు. తక్కువ దూరాలు, ఎక్కువ బరువు, మట్టి దారి, మాటిమాటికీ ఆపి తీయడం. అందుకని మేము ఇప్పుడు పుస్తకంలో చెప్పినంత వరకు ఆగకుండా ముందే మార్చేస్తున్నాము. గుర్తు పెట్టుకోవడానికి కూడా సులభంగా ఉంటుందని, రెండు పంటలకు ఒకసారి అని లెక్క పెట్టుకున్నాము.

మూడో పని: ప్లేట్లు

వైరుకు ప్లే ఉంది, ఆయిల్ మంచిది, అయినా జారుతోంది అంటే అప్పుడు కుడి పక్క మూత విప్పాలి. ఇది మెకానిక్ పని. అయినా దగ్గర నిలబడి ఏం చూడాలో మనకు తెలిసి ఉండాలి.

ఆయిల్ దించి, కిక్ రాడ్ తీసి, మూత విప్పుతారు. ఫైబర్ ప్లేట్లు నల్లగా గాజులా మెరుస్తూ ఉంటే కాలినట్టు. మందం కొలిచి చూడాలి, కంటి చూపుతో తెలియదు. స్టీల్ ప్లేట్ల మీద నీలం మరకలు ఉంటే వేడికి గురైనట్టు. వాటిని గాజు పలక మీద పెట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది. స్ప్రింగులు వేడికి పొట్టివి అవుతాయి, కొత్తదాని పక్కన నిలబెట్టి చూడమనండి. ప్లేట్ల పళ్లు కూర్చునే గిన్నె అంచుల్లో గంట్లు పడి ఉంటే ప్లేట్లు సాఫీగా జరగవు, కొత్త ప్లేట్లు వేసినా సుఖం ఉండదు.

ఫైబర్ ప్లేట్లు మార్చేటప్పుడు స్ప్రింగులు కూడా మార్చేయడం మంచిది. కొత్త ఫైబర్ ప్లేట్లను పొడిగా వేయకూడదు, ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి వేయాలి. స్ప్రింగుల బోల్టులు ఒకే పక్క బిగించుకుంటా పోకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మూత ప్యాకింగ్ కొత్తది వేయాలి. తీసిన పాత ప్లేట్లు మీ చేతికి ఇవ్వమని అడగండి. అందులో అనుమానపడేది ఏమీ లేదు, ఏం పోయింది అనేది మన కంటితో చూస్తే వచ్చేసారికి మనకే తెలుస్తుంది.

ఇంజన్ శబ్దమే పెరగకపోతే

ఇక్కడ కూడా ఖర్చు లేనివి ముందు, ఖర్చు ఎక్కువైనవి చివర.

చోక్ ఎక్కి ఉందేమో చూడండి. నవ్వొద్దు, ఆకు మోపు తగిలి చోక్ జరిగిన సందర్భం మాకు ఉంది.

ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మట్టి దారిలో తిరిగే బండికి అది తొందరగా మూసుకుపోతుంది. గాలి చాలకపోతే పెట్రోలు ఎక్కువై నల్ల పొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది.

స్పార్క్ ప్లగ్ తీసి రంగు చూడండి. ఇటుక లాంటి లేత గోధుమ రంగు ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తడి నూనె ఉంటే ఆయిల్ పైకి వస్తోంది.

కొంత దూరం బాగా పోయి, తర్వాత గుక్కపట్టి ఆగి, అయిదు నిమిషాలకు మళ్లీ పోతుందా? ట్యాంకు మూతలో గాలి పోయే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. ఈసారి ఆగినప్పుడు మూత ఒకసారి తెరిచి మూసి చూడండి. బండి వెంటనే అందుకుంటే కారణం అదే. కాకపోతే పెట్రోలు ట్యాప్ జల్లెడ, కార్బొరేటర్ జెట్ శుభ్రం చేయించాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ ఉండదు, ఇంజెక్షన్ ఉంటుంది. వాటి సంగతి వేరు, అవి విప్పకండి.

ఇవన్నీ బాగుంటే టాపెట్లు. బిగుతైపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ బయటికి పోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారినప్పుడు ఫీలర్ గేజ్‌తో సర్దాలి. వేడి ఇంజన్ మీద, చెవితో విని సర్దేవాళ్లకు ఇవ్వకండి.

అన్నింటికీ చివరన రింగులు, బోర్. దానికి గుర్తులు ఉంటాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంది, ఆయిల్ లెవెల్ తగ్గిపోతా ఉంటుంది, ప్లగ్ నూనె పట్టి ఉంటుంది, కిక్ తేలికగా దిగుతుంది. వీటిలో ఏదీ లేకుండా ఎవరైనా "బోర్ పోయింది" అంటే, కంప్రెషన్ గేజ్ పెట్టి చూపించమని అడగండి.

బండి బరువుగా పోతుంటే

డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలికగా తిరగాలి. కొంత దూరం నడిపి వచ్చినాక డ్రమ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోలేనంత వేడి ఉంటే బ్రేకు పట్టుకొని ఉంది. బరువు వేసేముందు బ్రేకు బిగించి, తర్వాత వదులు చేయడం మరిచిపోవడం మామూలే. చైను మధ్యలో పట్టుకొని పైకి కిందికి కదిపితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. చైను సర్దేటప్పుడు ఇంకొక సంగతి: మోపు వేసి ఇద్దరు కూర్చుంటే వెనక భాగం కుంగి చైను ఇంకా బిగుస్తుంది. అందుకని ఖాళీ బండి మీద మరీ బిగించకూడదు. టైర్లో గాలి వారానికి ఒకసారి చూసుకోవాలి. బరువు వేసినప్పుడు వెనక టైరుకు ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది.

టీవీఎస్ ఎక్స్.ఎల్. ఉన్నవాళ్లకు

ఆకుకు ఎక్స్.ఎల్. వాడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. దానికి గేర్లు లేవు, ఎడమ చేతిలో క్లచ్ లివర్ ఉండదు. ఇంజన్ వేగం పెరిగితే లోపలి షూలు విచ్చుకొని డ్రమ్‌ను పట్టుకుంటాయి. కాబట్టి అది జారితే వైరు సర్దే పని లేదు, షూలు అరిగినాయేమో చూపించాలి. మోపు వేసుకొని ఎక్కుడు మీద ఆగి, బ్రేకు వేయకుండా రేజ్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు ఉంటే షూలు తొందరగా పోతాయి. పాత ఎక్స్.ఎల్. సూపర్ టూ స్ట్రోక్ బండి. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తాము కాబట్టి సైలెన్సర్ లోపల మసి పేరుకుంటుంది. ఇంజన్ బలం తగ్గితే ముందు సైలెన్సర్ శుభ్రం చేయించండి.

దారిలో గూళ్లతో నిలిచిపోతే

ముందు బండిని పక్కకు తీసి నిలబెట్టండి. ఎక్కుడు మీద క్లచ్ జారితే వెనక బరువుకు బండి వెనక్కి దొర్లుతుంది, కాలు వెనక బ్రేకు మీదే ఉండాలి.

లివర్ దగ్గరి నట్టును చేత్తో తిప్పి వైరు వదులు చేసి, ప్లే తెప్పించండి. పది నిమిషాలు ఇంజన్ చల్లారనివ్వండి. తర్వాత బరువు సగం దించి, చిన్న గేరులో, తక్కువ రేజ్‌తో, సగం క్లచ్ పట్టకుండా మెల్లగా పోవాలి. రెండు ట్రిప్పులు అయినా ఫరవాలేదు. జారుతున్నప్పుడు రేజ్ పెంచితే ప్లేట్లు అక్కడికక్కడే కాలిపోతాయి. మేము చేసింది అదే.

ఎదురు చూడాల్సి వస్తే సంచుల మూతి విప్పి నీడలో విడివిడిగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి వేయకండి. గుడ్డ పరిచి గూళ్లు పలచగా పోయగలిగితే ఇంకా మంచిది. మాకు ఆ రోజు ఈ మాత్రం తోచి ఉంటే ధర అంత దెబ్బ తినేది కాదు.

పురుగుల కోసం ఒక మాట

బండి పని చేసిన చేతులతో ఆకు ముట్టుకోకండి. పురుగుకు పెట్రోలు, కిరోసిన్, ఆయిల్ వాసన పడదు. సబ్బుతో బాగా కడుక్కొని, బట్టలు మార్చుకొని షెడ్‌లోకి పోవాలి. రిపేరు షెడ్‌కు దూరంగా, గాలి షెడ్ వైపు కొట్టని చోట చేసుకోవాలి. రాత్రిపూట బండిని మేపే షెడ్‌లో నిలబెట్టకండి. ఆకు మోపు కింద గోనె సంచి వేసి, సైలెన్సర్‌కు తగలకుండా కట్టాలి. దించిన పాత ఆయిల్ తోటలో, కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్‌కు ఇచ్చేయండి.

మేము ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాము. చాకీ పురుగులు తెచ్చే ముందు రోజు, షెడ్ అంతా సిద్ధం చేసినాక, సాయంత్రం ఒక పావు గంట బండికి ఇస్తాము. క్లచ్ ప్లే, ఆయిల్ గీత, చైను, వెనక చక్రం, టైర్లో గాలి, ఎయిర్ ఫిల్టర్. ఈ ఆరు చూసి గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ దగ్గర టిక్ పెడతాము. పెద్ద మేత మొదలైనాక మనకు ఈ పావు గంట కూడా దొరకదు. అందుకే ముందే చూసుకోవాలి.

మీ బండికి ఇట్లాంటి అనుభవం ఉంటే, మేము రాసినదాంట్లో తప్పు కనబడితే, గ్రూపులో వాయిస్ పెట్టండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది చదివి వినిపించండి. అందరి పంటా బాగుండాలి, అందరి గూళ్లూ వేళకు మార్కెట్ చేరాలి.

ఉంటాము.